గాజు తలుపు వెనక నిప్పు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పొద్దున్న లేచి పిల్ల మంచం మీదికి వంగితే ఊపిరి చప్పుడు వినబడకపోవడం. సోర్చా ఇప్పుడు గోడ పట్టుకుని అడుగులేస్తోంది. అయినా నేను ముందు చెవి ఒగ్గి, ఆ తర్వాతే కళ్ళు తెరుస్తాను.

ఆ భయం పిల్లతో పాటే పుట్టింది. ఏడో నెలలోనే వచ్చేసిన పిల్ల. ఊపిరితిత్తులు ఇంకా బలపడలేదన్నారు. కాస్త చలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. అక్టోబరులో నర్సు బెర్నీ వచ్చి, మా వంటింటి గోడలో ఉన్న పాత పొయ్యిగూటి ముందు నిలబడింది. చిత్తడినేల నుంచి కోసి ఎండబెట్టిన టర్ఫ్ గడ్డలు అందులో కాలుతున్నాయి. సగం పొగ చిమ్నీలోకి, సగం మా మొహాల్లోకి.

"ఐలిష్, ఈ పొగ ఈ పిల్లకి పనికిరాదమ్మా. మూసిన పొయ్యి పెట్టించుకోండి," అంది.

"నూట యాభై ఏళ్ళుగా ఈ పొగలోనే పిల్లలు పెరిగారు," అంది మా అత్త డెలియా, కుర్చీలోంచి లేవకుండానే.

"పెరిగినవాళ్ళనే కదా డెలియా మీరు చూసింది," అంది బెర్నీ.

మా ఆయన కోల్మన్ చేపల పడవ మీద పనిచేస్తాడు. ఐదారు వారాలు సముద్రం, ఒక వారం ఇల్లు. ఆ ఒక్క వారంలోనే పట్నం వెళ్ళి, పాత గూటిలో సరిగ్గా ఇమిడే ఇనప పొయ్యి తెచ్చాడు. ముందు గాజు తలుపు, కింద గాలి మీట. టర్ఫ్ కాదు, కట్టెలు కాల్చేది. దాంతో పాటు విషవాయువు పసిగట్టి అరిచే చిన్న అలారం కూడా ఇచ్చారు. "వచ్చేసారి గోడకి బిగిస్తాలే," అని దాన్ని అట్టపెట్టెతో సహా బీరువా మీద పెట్టాడు.

పొయ్యి బిగించాలంటే పాత నిప్పు తియ్యాలి. పడమటి సముద్రతీరాన మా మేయో పల్లెల్లో ముసలివాళ్ళకి అది చిన్న సంగతి కాదు. డెలియా పెళ్ళై ఈ ఇంటికొచ్చిన రోజున, వాళ్ళమ్మ పొయ్యిలోని కణికలు ఇనప బకెట్‌లో వేసుకుని నాలుగు మైళ్ళు నడిచి తెచ్చిందట. ఆ నిప్పు అప్పట్నించి ఆరలేదు. రోజూ పడుకోబోయే ముందు కణికలన్నీ ఒకచోటికి లాగి, వాటి మీద బూడిద గుమ్మరించి, ముగ్గురు దేవదూతల పేర్లు గొణుగుతూ పారతో చదును చేసేది. తెల్లారి ఆ నివురు తొలగిస్తే కింద నిప్పు ఎర్రగా కళ్ళు తెరిచేది.

ఆ రోజు ఆమె కణికల్ని అదే బకెట్‌లోకి ఎత్తి, మూత పెట్టి, వానలో కొట్టం చూరు కింద రెండు గంటలు నిలబడింది.

"లోపలికి రండి డెలియా, తడిసిపోతున్నారు," అన్నాను.

"నేను తడిస్తే ఆరతాను పిల్లా. ఇది తడిస్తే ఆరిపోతుంది."

పొయ్యి బిగించినవాళ్ళు వెళ్ళాక ఆ కణికల్ని తన చేత్తోనే అందులో పోసింది. కోల్మన్ పైన రెండు కట్టెలు వేసి తలుపు మూశాడు. ముగ్గురం కూర్చుని చూశాం. కట్టెలు బుసకొట్టాయి. చివర్ల నుంచి నురగ కక్కాయి. గాజు ముందు గోధుమరంగుకి తిరిగింది, తర్వాత నల్లబడింది, ఆ తర్వాత లోపల ఏం జరుగుతోందో మాకు తెలియలేదు. తెల్లారి తలుపు తెరిస్తే మసిబొగ్గులు, చల్లటి బూడిద.

డెలియా లేచింది. తన కుర్చీని పొయ్యి వైపు నుంచి కిటికీ వైపుకి తిప్పుకుంది.

కోల్మన్ సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. ఇక నవంబరంతా నేనూ, ఆ పొయ్యీ.

పొద్దున్నే దాని ముందు మోకరిల్లేదాన్ని. చర్చిలో కూడా అంతసేపు ఎప్పుడూ మోకరిల్లలేదు. కాగితాలు, పుల్లలు, కట్టె. మీట లాగు, మీట తొయ్యి. తలుపు తీస్తే పొగ మొహం మీదికి, మూస్తే మంట చచ్చిపోయేది. పిల్లని చంకనేసుకుని ఊదితే పిల్ల దగ్గేది, దించితే ఏడ్చేది. రెండు గంటల పాటు పడిన కష్టానికి పొయ్యి పైభాగం గోరువెచ్చన. కరెంటు హీటర్ పెడదామంటే మా ఇంటి పాత వైర్లకి ఫ్యూజు ఎగిరిపోయేది. ఆ ఇంట్లో నా చేతికి వెచ్చగా తగిలేది పిల్ల నుదురు ఒక్కటే. అది జ్వరం.

"నిప్పుని గాజుపెట్టెలో బొమ్మలా కూర్చోబెట్టారు," అనేది డెలియా కిటికీ వైపు చూస్తూ. "చేత్తో ముట్టుకోనివ్వకపోతే అది మాటెందుకు వింటుంది?"

"మీరు ముట్టించండి మరి."

"ఆ పెట్టె నాకు రాదు. అయినా కొందరి చేతికి నిప్పు నిలవదమ్మా. మా పెద్దమ్మకి అంతే. ఆవిడకి ఆవులు కూడా నిలిచేవి కావు."

ఒక మధ్యాహ్నం నేను గుడ్డలారేసి వచ్చేసరికి ఆమె కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంది. ముక్కు మీద మసి. ఇల్లంతా పొగ.

"ఏమైంది?"

"దానికి బుద్ధి చెప్పాను. వినలేదు," అంది.

ఇద్దరం నవ్వాం. ఆ నెలలో నవ్వింది అదొక్కసారే.

నవంబరు చివర్లో బెర్నీ వచ్చి వంటింట్లో వేడి కొలిచింది. పదమూడు డిగ్రీలు. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. గొట్టం మడిచి సంచిలో పెట్టుకుంటూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"కనీసం పద్దెనిమిది ఉండాలి ఐలిష్. ఇలాగైతే పిల్లని ఇక్కడ ఉంచుకోమని నేను చెప్పలేను. రాయకుండానూ ఉండలేను. అది నా ఉద్యోగం."

"ఎవరికి రాస్తారు?"

"శుక్రవారం మళ్ళీ వస్తాను. అప్పటికి వెచ్చగా ఉండేలా చూడు."

పదహారేళ్ళకే బడి మానేసి చేపలు కోసే షెడ్డులో చేరినదాన్ని నేను. పంతొమ్మిదేళ్ళకి తల్లినయ్యాను. నా గురించి ఎవరైనా కాగితం మీద ఏదైనా రాస్తే, కాదని తిరిగి రాసే చదువు నాకు లేదు. పిల్ల చచ్చిపోతుందేమోనన్న భయం పక్కన, పిల్లని తీసుకుపోతారేమోనన్న భయం కూడా వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రమే చిమ్నీలు తుడిచే ఫెస్టస్‌కి ఫోన్ చేశాను. డెలియా ఈడువాడు. తెల్లారి బ్రష్షులతో వచ్చాడు గానీ పొయ్యి వైపు చూడనేలేదు. కొట్టంలోకి వెళ్ళి ఒక కట్టె తీసి, చేతిలో బరువు చూసి, రెండోదానికేసి కొట్టాడు. మెత్తటి చప్పుడు వచ్చింది.

"ఎప్పుడు కొట్టారివి?"

"మార్చిలో. గాలికి పడిపోయిన చెట్టుని కోల్మన్ కొట్టాడు."

"ఎలా దాచారు?"

"టర్ఫ్ లాగే. కుప్పపోసి, మీద గట్టిగా ప్లాస్టిక్ పట్టా కప్పాం."

ఫెస్టస్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "టర్ఫ్ చిత్తడినేల మీదే గాలికి ఎండిపోయి ఇంటికొస్తుంది, అందుకని కప్పుతాం. పచ్చి కట్టెని తెచ్చి ఊపిరాడకుండా కప్పితే ఎలా ఎండుతుంది తల్లీ? దీన్ని కాల్చడం కన్నా పిండుకుని తాగడం నయం."

"నేను చెప్పలా, చేతిలో ఏదో లోపం ఉందని," అంది డెలియా గుమ్మంలోంచి.

"లోపం నీ కొడుకు చేతిలో డెలియా, కోడలి చేతిలో కాదు. ఒక టీ పెట్టు."

ఆ రోజు అతను నాకు చెప్పినవి బళ్ళో పాఠాల కన్నా బాగా గుర్తున్నాయి. చల్లబడ్డ చిమ్నీలోకి పొగ ఎక్కదు, ముందు ఒక కాగితం వెలిగించి దాని గొంతు వెచ్చబెట్టు. పెద్ద కట్టెలు కింద, మణికట్టంత సన్నవి వాటి మీద, పుల్లలు అన్నిటికన్నా పైన. మంట పైనుంచి కిందికి దిగాలి, కొవ్వొత్తిలా. మీట పూర్తిగా తెరిచి ముట్టించు. మంట నిలబడ్డాకే కొంచెం తగ్గించు, పూర్తిగా మాత్రం ఎప్పుడూ మూయకు. బూడిద రోజూ ఊడ్చెయ్యకు, రెండు వేళ్ళ మందం పరుపులా ఉంచు, కణికలు దాని మీదే నిలుస్తాయి. పచ్చి కట్టెలన్నీ గాలికి పేర్పించి, తన బండిలోంచి రెండేళ్ళు ఎండిన కట్టెలు నాలుగు గోతాలు దింపి వెళ్ళాడు.

మొదటి రోజు సగం కుదిరింది. రెండో రోజు కూడా సగమే. గురువారం పొద్దున్న పిల్లని డెలియా ఒళ్ళో పెట్టి, పైన పుల్లలు అంటించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. మంట పుల్లల మీంచి సన్నకట్టెల మీదికి దిగింది. అక్కణ్ణించి కిందికి. పొగ రావాల్సిన చోట పొగ లేదు, పొగే మంటగా మారుతోంది. పొయ్యి పైకప్పు కింద నీలం అంచుల మంట మెల్లగా దొర్లుతోంది. నల్లటి గాజు మధ్యలో నుంచి తెల్లబడుతూ వచ్చింది. ఇనుము టిక్కు టిక్కుమని వేడెక్కింది.

వెనక కుర్చీ కిర్రుమంది. డెలియా కుర్చీని మళ్ళీ పొయ్యి వైపుకి తిప్పుకుంది.

"ఊఁ," అంది. "చూడ్డానికి బాగానే ఉంది దొంగముండ."

శుక్రవారం బెర్నీ వచ్చేసరికి పంతొమ్మిది డిగ్రీలు. "ఏం మంత్రం వేశావ్?" అంది. పైనుంచి కిందికి ముట్టించానన్నాను. "సరే, ఇది రాస్తాను," అని నా భుజం తట్టింది. ఆ వారం రోజుల్లో నేను ఏడ్చింది అప్పుడే.

ఇక ఇంట్లో వెచ్చటి చోటు ఉంది కాబట్టి పిల్ల మంచం వంటింట్లోకి లాక్కొచ్చాను. పక్కనే నా పరుపు. డెలియా గది దానికి ఆనుకునే ఉంది, వేడి కోసం ఆమె తలుపు తీసి పెట్టుకునేది. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. పొయ్యి బిగించినవాళ్ళు గోడకి అరచేతంత కన్నం పెట్టి వెళ్ళారు. ఎందుకో వాళ్ళు కోల్మన్‌కి చెప్పే ఉంటారు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పడమటి గాలి వీస్తే అందులోంచి చల్లటి దారంలా గాలి సరిగ్గా పిల్ల మెడ మీదికి వచ్చేది. కోల్మన్ ఉన్ని సాక్సు ఒకటి చుట్టి ఆ కన్నంలో కుక్కాను. పిల్లకి ఇంకో దుప్పటి కప్పినట్టు అనిపించింది.

డెలియాకీ చేతినిండా పని దొరికింది. పచ్చికట్టెలు కాలినన్నాళ్ళూ ఆ పొయ్యిలో కణికలే మిగిలేవి కావు. ఇప్పుడు గుప్పెళ్ళు గుప్పెళ్ళు మిగులుతున్నాయి, కింద మెత్తటి బూడిద పరుపు కూడా ఉంది. నేను నిద్రపోయాక లేచి, కణికలు దగ్గరికి లాగి, నివురు కప్పి, గాలికి నివురు ఎగిరిపోకుండా మీట పూర్తిగా మూసేది. మొదటి పొద్దున్న నన్ను లేపి మరీ చూపించింది. పారతో బూడిద తీస్తే కింద ఎర్రగా మెరిసింది.

"చూశావా! ఆరలేదు!" ఆమె గొంతు పెళ్ళికూతురి గొంతులా ఉంది. "పెట్టె మాట విన్నది పిల్లా!"

నేనూ సంతోషించాను. దాచడమెందుకు. మీట ఎప్పుడూ పూర్తిగా మూయొద్దని ఫెస్టస్ అన్న మాట నాకు గుర్తుంది. అది మంట బాగా రావడానికి చెప్పిన మాట అనుకున్నాను. మంట లేనప్పుడు మూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

రెండో పొద్దున్న నాకు తలనొప్పి. డెలియాకీ తలనొప్పి. ఊరంతా ఫ్లూ తిరుగుతోంది, మాకూ వచ్చిందనుకున్నాం. మూడో పొద్దున్న పిల్ల తాగిన పాలన్నీ కక్కేసింది, మళ్ళీ నిద్రలోకి జారింది. పుట్టిన తర్వాత సోర్చా అంతసేపు పడుకోవడం అదే మొదటిసారి. ఇల్లు వెచ్చబడితే పిల్ల హాయిగా పడుకుంటోందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగో పొద్దున్న డెలియా లేవలేదు. ఆరింటికల్లా కెటిల్ పెట్టే మనిషి. లేచి చూడాలనుకున్నాను, కాళ్ళు నావి కానట్టున్నాయి. ముందు కట్టెలు తెచ్చి మంట పెడదాం, తర్వాత చూద్దాం అనుకుని గోడ పట్టుకుంటూ బయటికి నడిచాను. అప్పుడే వెలుగొస్తోంది, సన్నగా వాన. కొట్టంలో చేతినిండా కట్టెలు ఎత్తుకునేసరికి తల తేలికపడింది. మూడు రోజుల్లో మొదటిసారి. ఫ్లూ తగ్గిపోయిందనుకుంటూ గుమ్మంలోకి అడుగుపెట్టాను. తల మళ్ళీ దిమ్మెక్కింది. ఒక అడుగు వెనక్కి వేశాను, తేలికపడింది.

కట్టెలు అక్కడే పడేశాను.

పిల్లని దుప్పటితో సహా ఎత్తుకుని వానలోకి వచ్చాను. ముక్కు దగ్గర చెవి పెట్టాను. వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చెంప మీద తట్టాను. పేరు పెట్టి అరిచాను. ఒక చినుకు మూతి మీద పడితే పెదవులు ముడిచింది. అంతే.

పిల్లని కొట్టంలో ఎండుకట్టెల మీద పడుకోబెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఒంటరిగా పిల్లని అలా వదిలి వెళ్ళిన ఆ కొన్ని నిమిషాలు ఇప్పటికీ నాకు కల్లోకి వస్తాయి. డెలియా మంచం మీద ఎర్రటి మొహంతో పడి ఉంది. చంకల కింద చేతులేసి ఈడ్చాను. గడప దాటుతుంటే కళ్ళు తెరిచింది.

"నిప్పు చూశావా?" అంది.

"చూశాను. నడవండి."

అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఫెస్టస్ పది నిమిషాల్లో వచ్చాడు. అతని బండిలో మసిబ్రష్షుల మధ్య ముగ్గురం కూర్చున్నాం. కిటికీలన్నీ దించి నడిపాడు. పట్నం పొలిమేరలో సోర్చా ఏడ్చింది. ఫెస్టస్ బండి ఆపలేదు గానీ, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆసుపత్రిలో పిల్లకీ డెలియాకీ ఆక్సిజన్ పెట్టారు. నివురు కింద కణికలు కక్కిన విషవాయువు బయటికి పోలేక ఇంట్లో నిండిందన్నారు. మర్నాడు పిల్లల సంరక్షణ శాఖ నుంచి ఒకావిడ ఫైలు పట్టుకుని వచ్చింది. మెత్తగానే మాట్లాడింది. కోపంగా మాట్లాడి ఉంటే నాకు కాస్త సులువయ్యేది. ఇల్లు గాలాడేలా చేయడానికి వెళ్ళిన ఫెస్టస్, చూసింది చూసినట్టు డాక్టరుకి చెప్పాడు. అది ఆ ఫైల్లోకి ఎక్కింది.

"గోడ కన్నంలో సాక్సు ఉందట. అదెవరు పెట్టారు?"

నేను నోరు తెరిచాను.

"నేనే," అంది పక్క మంచం మీది డెలియా, మొహం మీది ముసుగు కిందికి లాగి. "నేనే కుక్కాను. మీట మూసిందీ నేనే, నివురు కప్పిందీ నేనే. మా కోడలు వద్దని మొత్తుకుంది. నేను ఎవరి మాటా వినే రకం కాదు, ఊళ్ళో ఎవర్నైనా అడగండి."

ఆవిడ రాసుకుంది. రాసుకుని వెళ్ళిపోయింది.

"ఎందుకలా చెప్పారు డెలియా?"

"నోరు మూసుకో పిల్లా. నాకు డెబ్బై ఆరు. నా దగ్గర్నుంచి ఏం తీసుకుపోతారు వాళ్ళు?" ముసుగు సర్దుకుంటూ, "ఆ ఫైలు మూసేదాకా కోల్మన్‌కి కూడా చెప్పకు. వాడికి మొహంలో ఏదీ దాగదు. ఒట్టెయ్యి," అంది.

ఒట్టేశాను.

కోల్మన్ రెండు రోజులకి ఒడ్డుకొచ్చాడు. పిల్లని చూసి, తల్లి మంచం దగ్గర నిలబడ్డాడు.

"నీ నిప్పుకి నా కూతురు కావలసొచ్చిందా అమ్మా?"

డెలియా గోడ వైపుకి తిరిగి పడుకుంది. నాకు నోరుంది. తెరవలేదు.

జనవరిలో మమ్మల్ని పిల్ల వైద్యం కోసం పట్నంలో ఒక చిన్న ఫ్లాటులోకి మార్చారు. గోడకి హీటర్లున్నాయి, పొయ్యి లేదు. డెలియా మాతో రాలేదు. కోల్మన్ రమ్మనలేదు. చిత్తడినేల అంచున, చనిపోయిన తన అన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఆ ఇంట్లోనూ ఉన్నది మూసిన ఇనప పొయ్యే. ఈస్టర్ దాకా ఫెస్టస్ వారానికి రెండుసార్లు వెళ్ళి చూసేవాడు. నిచ్చెన మీంచి పడి తుంటి విరిగి, ఇప్పుడు ఇంగ్లాండులో కూతురి దగ్గరున్నాడు. డెలియాకి ఫోనుంది, తియ్యదు. బస్సు ఆ దారికి పదకొండు మైళ్ళ ఇవతలే ఆగిపోతుంది. నాకు బండి నడపడం రాదు, పిల్లకి వారంలో మూడు రోజులు ఆసుపత్రే.

ఫైలు మూసేశామని గత వారం ఉత్తరం వచ్చింది. మూడుసార్లు చదివాను. సాక్సు నేను కుక్కాను. నా చేత్తోనే. కోల్మన్ పడవకి ఫోను అందదు, వచ్చే నెల పదో తారీఖుకి గానీ ఒడ్డుకి రాదు. అతను మెట్లెక్కగానే, కోటు విప్పకముందే చెబుతాను. ఆ తర్వాత వాళ్ళమ్మ దగ్గరికి అతనే పరుగెత్తుతాడు, నాకు తెలుసు. కానీ పదో తారీఖుకి ఇంకా పంతొమ్మిది రోజులుంది, ఈ ఏడు చలి ఇంకా వదల్లేదు, ఆమె నివురు కప్పడం మానేసిందో లేదో నాకు తెలియదు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే, దారి చివర ఆకుపచ్చ తలుపున్న ఇల్లు. పొద్దున్నపూట వెళ్ళండి. చిమ్నీలోంచి పొగ వస్తోంది కదా అని దూరం నుంచి చూసి తిరిగి రాకండి. తలుపు తట్టండి. తెరవడం ఆలస్యమైతే మీరే తోసుకుని లోపలికి వెళ్ళండి, ఆమె తాళం వెయ్యదు. ముందు కిటికీ తెరవండి. తలనొప్పిగా ఉందా డెలియా అని అడగండి. లేదంటుంది. మళ్ళీ అడగండి.